పొరపాటులో అలవాటు

వర్కెతిలిలో మా మేడ లిఫ్టుకి
చిల్లర పడితేనే ప్రాణం.
పది తెత్రీల బిళ్ళ మింగి, గుర్రుమని,
పడుకున్న ఎద్దు లేచినట్టు లేస్తుంది.

తొమ్మిదో అంతస్తు జుంబేర్‌కి
ముక్కు మీద కోపం.
ట్రాములు బాగుచేసిన చేతులవి,
ట్రాములే లేని త్బిలిసిలో ఏం చెయ్యాలో తోచక
తలుపులు దబాలున వేసేవి.

ఒక నవంబరు సాయంత్రం
చంకలో రొట్టె, పళ్ళ మధ్య సంచి.
జేబులోంచి రెండు బిళ్ళలు వచ్చాయి.
ఒకటి పెట్టెలో వేశాడు.
రెండోది పెట్టె మీద పెట్టి మరిచిపోయాడు.
అంతే. అందులో మంచితనం ఏమీ లేదు.

మర్నాడు నాలుగో అంతస్తు జుజునా ఎదురొచ్చి
"నువ్వేనా బిళ్ళ వదిలింది?
నిన్న నా మోకాళ్ళు నీ పేరు చెప్పుకున్నాయి" అంది.
కాదనాలంటే కథంతా చెప్పాలి.
ఊఁ అనడానికి నోరు తెరవక్కర్లేదు.
ఊఁ అన్నాడు.

ఆ ఊఁ మెడకి చుట్టుకుంది.
మూడో రోజు పెట్టాడు, పరువు కోసం.
పదో రోజు పెట్టాడు, తిట్టుకుంటూ.
జనవరిలో వారం పాటు పెట్టలేదు,
కుర్రాళ్ళెవరో ఏరుకుపోయి
పొద్దుతిరుగుడు గింజలు కొంటున్నారని తెలిసి.
మళ్ళీ పెట్టాడు.
అదేమిటని నేనడిగితే
"గింజలూ తిండే కదా" అని
తలుపేసుకున్నాడు,
దబాలుననే.

ఇప్పుడు మనసు ఎక్కడున్నా
చెయ్యి దాని పని అది చేసుకుపోతుంది.
బోల్టు బిగిసిందో లేదో చూసినట్టు
బిళ్ళని బొటనవేలితో ఒకసారి నొక్కి
వదులుతుంది.

మనిషి మారాడా అంటే చెప్పలేను.
నిన్న కూడా గ్యాసు మీటరు మనిషితో
వీధి వినేలా తగాదా.

కానీ మొన్న రాత్రి
జేబు ఖాళీ. పెట్టె మీదా ఖాళీ.
మెట్లెక్కాడు.
ఎనిమిదో అంతస్తులో నా తలుపు వెనక
నిద్రపట్టక వింటున్నాను:
మూడో అంతస్తులో దగ్గు.
ఐదులో ఒక తిట్టు, సగమే.
ఏడులో లేడో వాళ్ళ కుక్క లేచి మొరిగింది.

ఇన్నేళ్ళూ దాన్ని
బూటుతోనే పలకరించినవాడు
"నేనేలే, పడుకో" అన్నాడు.

తర్వాత చాలాసేపు
అడుగుల చప్పుడు లేదు.
ఆ గొంతు ఎవరిదా అని
చీకట్లో నిలబడి
చుట్టూ చూస్తున్నట్టున్నాడు.