ఆపిల్ ముక్కలు ఎండబెట్టే పెట్టెలో

యాభై నాలుగు డిగ్రీలు. ఎనిమిది గంటలు.
అక్టోబరులో ఆపిల్ ముక్కలు ఎండబెట్టే పెట్టెలోనే
ఇవాళ మా పాటల్ని పేర్చాను.
పాటలంటే వోల్క్‌మార్‌కి ఒళ్ళు మండేది.
"పాట కాదు, పని" అనేవాడు.

పాత టేపులకి ముసలితనం చెమటలా వస్తుంది.
జిగురు ఊరి, చుట్టకి చుట్ట అతుక్కుని
యంత్రమెక్కిస్తే పిల్లిలా అరుస్తాయి.
వెచ్చబెడితే ఒకసారి పలుకుతాయి,
మహా అయితే రెండుసార్లు.
ఆ తర్వాత వేళ్ళకి గోధుమరంగు పొడి.

వుప్పర్‌టాల్‌లో, నది పక్క సందులో,
మూతపడిన లాండ్రీ. నెలకి తొంభై మార్కులు.
దుప్పట్లు నొక్కే రోలరు యంత్రాన్ని
ఎవరూ కదపలేక అక్కడే వదిలేసి పోయారు.
దాని పేరే మేమూ పెట్టుకున్నాం: కాల్ట్‌మాంగెల్.
అర్థమేమిటని అడిగితే రోజుకో అబద్ధం చెప్పేవాళ్ళం.

మొదటి ఏడాది మాకు డ్రమ్మర్ లేడు.
బట్టలు పిండే యంత్రం ఉంది.
తడి దుప్పటిని ఒకే పక్కకి కుక్కి వదిలితే
కుంటిగుర్రంలా దౌడు తీసేది:
మూడు, నాలుగు. మూడు, నాలుగు.
తర్వాత వచ్చిన హార్ట్‌విగ్‌కి
ఆ కుంటు పట్టుబడ్డానికి నాలుగు నెలలు పట్టింది.
"దానికి కాలు నొప్పి ఉంది, నాకు లేదు.
అదీ నా లోపం" అనేవాడు, నవ్వకుండా.

ఎకార్ట్ వాళ్ళ నాన్న ట్రాంబోన్ పట్టుకొచ్చాడు.
ఆ యుద్ధకాలంలో అది ఏ ఊళ్ళో, ఎవరి ముందు మోగిందో
నాన్న చెప్పలేదు, వీడు అడగలేదు.
మేం దాన్ని వాయించలేదు.
నోట్లో నీళ్ళు పోసి, మైకు దగ్గర పెట్టి,
అది మింగడం వింటూ కూర్చున్నాం.
పెద్దల కవాతు బాణీలు మాకొద్దు.
సముద్రం అవతలి బ్లూస్ అరువుసొమ్ము.
ఇక మిగిలింది చేతికందిన ఇనుము.

పైఅంతస్తు ఫ్రావ్ ట్యోనిగెస్
చీపురు కర్రతో మా కప్పుని పొడిచేది.
రెండో రికార్డు, రెండో వైపు, పదకొండో నిమిషం దగ్గర వినండి:
ఆ దెబ్బలు తాళానికి ఒక్క వెంట్రుకవాసి ముందు పడతాయి.
ఆవిడ పేరు అట్టమీద వేశాం, పక్కన "చీపురు" అని.
చూసి మురిసిపోయి ప్లమ్ కేకు పంపింది.
ఆనాటినుంచి పొడవడం మానేసింది.
మూడో రికార్డు చప్పగా ఉందంటే అందుకే.

ఐదు వందలు అచ్చేస్తే మూడు వందల పన్నెండు పోయాయి.
మిగిలినవి వోల్క్‌మార్ మంచానికి కోళ్ళయ్యాయి.
"అజీర్తి చేసిన ఫ్యాక్టరీ" అని ఒక పత్రిక రాసింది.
కత్తిరించి గోడకి అంటించుకున్నాం,
మమ్మల్ని విన్నట్టు రుజువు అదొక్కటే.
ఇప్పుడు ఒసాకాలో ఒకాయన
ఒక్క కాపీకి రెండు నెలల జీతం ఇస్తాడట.
ఆ మంచం ఎక్కడుందో వోల్క్‌మార్ భార్యకే తెలియదు.

మేమెందుకు విడిపోయామని అడుగుతారు.
యంత్రం బెల్టు తెగింది, అంతే.
కొత్తది తెస్తానన్నవాడు తేలేదు.
హార్ట్‌విగ్ వేలాడే రైలు నడిపే ఉద్యోగంలో చేరాడు,
ముప్పై ఏళ్ళు నది మీద ఊగుతూ పోయాడు.

నా పని బ్లేడు. కోయడం, అతకడం.
ఒక్క చోట నా గొంతు ఉండేది, పదహారు సెకన్లు.
మాటల్లేవు, ఊరికే ఒక 'ఆ'.
ముగ్గురూ బావుందన్నారు.
రాత్రి ఒక్కదాన్నే కూర్చుని కోసేశాను.
ఎందుకో చెప్పమంటే ఇప్పుడూ చెప్పలేను.
బావుందన్నారు కనుకనేమో.

మొన్న హార్ట్‌విగ్ మేనకోడలు అట్టపెట్టె పంపింది.
డ్రమ్ము పుల్లలు, రైలు టోపీ,
ఒక టీ డబ్బాలో ఆరు మీటర్ల టేపు.
చెత్తబుట్టలోంచి ఏరి ఉంటాడు.
డబ్బామూత మీద వాడి రాత:
"గెర్లిండె. పారేయకూడదు."

దాన్నీ పెట్టాను, అడుగు అరలో.
ఒకసారి పలుకుతుంది. మహా అయితే రెండుసార్లు.
మొదటిసారి ఎవరికి వినిపించాలో తేలలేదు.
గదంతా పుల్లటి ఆపిల్ వాసన.
పెట్టె ఫ్యానుకి ఒక రెక్క వంగినట్టుంది:
మూడు, నాలుగు. మూడు, నాలుగు.
మెకానిక్ శుక్రవారం వస్తానన్నాడు.
వద్దని ఫోన్ చేశాను.