పద్దెనిమిదో కాలమ్

పదిహేడు కాలమ్‌ల రిజిస్టరు మాది.
వీధిదీపం, మ్యాన్‌హోల్ మూత, దోమలు,
కుక్కలు, విరిగిన కొమ్మ, పూడిన నాలా.
టోలీచౌకి వార్డు ఆఫీసులో
మనుషుల మొరంతా ఇందులోనే పట్టాలి.
పట్టనిది ‘ఇతరములు’లో పడుతుంది.
ఇతరములంటే
చదవకుండా సంతకం పెట్టేవని
ఇరవై రెండేళ్ల నౌకరీ నేర్పింది.

సోమవారం, కరెంటు పోయిన పూట
ఇఖ్లాస్ వచ్చింది.
సూడాన్ పిల్ల. ఫార్మసీ రెండో ఏడు.
వచ్చీరాని ఉర్దూ, అంతకంటే తక్కువ తెలుగు,
చేతిలో తొమ్మిది ఇళ్ల అడ్రసులు.
ఫోన్లో ‘ఖాళీగా ఉంది, రండి’ అన్న ఇళ్లే.
గేటు దగ్గర మొహం చూశాక
నిండిపోయిన ఇళ్లు.
“పది నిమిషాల్లో ఎవరు దిగారు సార్ అందులో?”

పేజీలు తిప్పాను.
దోమల దగ్గర కాసేపు వేలు ఆగింది.
దీనికి గడి లేదమ్మా, అన్నాను.

ఆ పిల్ల నా వెనక గోడను చూసింది.
అక్కడుంది, పై ఆఫీసు పంపిన సర్క్యులర్.
రంగు చూసి, పుట్టుక చూసి
ఎవర్నీ గడప బయట నిలబెట్టబోమని
నేను పుట్టకముందే దేశాలన్నీ
సముద్రాల అవతల రాసుకున్న ఒప్పుకోలు.
ఢిల్లీ దాటి, సెక్రటేరియట్ దాటి,
జిరాక్సు మీద జిరాక్సు అవుతూ
మా గోడకెక్కేసరికి
‘వివక్ష’లో ‘క్ష’ అరిగిపోయింది.
దానిమీదే గుచ్చి ఉంది
పోయిన నెల టీ లెక్కల చీటీ.

టీ తెచ్చిన మబ్రూక్ భాయ్ నిలబడిపోయాడు.
ఏసీ గార్డ్స్ మనిషి.
నిజాం గుర్రాల వెంట
ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల ఐదో తరం.
“నన్ను గూడ అడుగుతరు సార్ ఆటోల,
ఏ దేశం మీది అని.
మీ తాత పెండ్లికి మర్ఫా కొట్టింది
మా తాతనే, అంట.
నవ్వుతరు. నమ్మరు.”

అడ్రసులు ఒక్కొక్కటే చదివాను.
ఏడోది:
గుడిమల్కాపూర్, పూలమార్కెట్ వెనక సందు,
నీలం గేటు, పై పోర్షను.
ఆ నీలం మొన్న దసరాకు నేనే వేశాను.
గేటు దాకా వెళ్లింది మా ఆవిడ.
కిటికీ సందులోంచి చూసి
‘అయిపోయిందను’ అని
లోపల్నుంచి చెప్పిన గొంతు నాది.
గొంతుకు మొహం ఉండదు కదా,
ఆ పిల్ల నన్ను గుర్తుపట్టలేదు.

తొంభై ఏడులో నేనూ
అట్టముక్క టూలెట్ బోర్డుల కింద తిరిగినవాణ్నే.
“మీరేమోళ్లు?” అనేవాళ్లు,
మంచినీళ్లు తాగుతావా అన్నంత మెత్తగా.
నాలుగో ఇంటికి
ఇంటిపేరును పొడి అక్షరంలోకి మడిచాను.
నేమ్‌ప్లేటు మీద ఇవ్వాళ్టికీ
ఆ ఒక్క అక్షరమే, పక్కన చుక్క.

స్కేలు తీశాను. గీత వంకరొచ్చింది.
పద్దెనిమిది.
పైన ఏం రాయాలో తోచలేదు,
సర్క్యులర్ మాట నాకు నోరు తిరగదు.
‘గడప’ అని రాశాను.
ఎవరి మీద? అన్నచోట తొమ్మిది పేర్లు.
ఏడోది రాస్తుంటే
మబ్రూక్ భాయ్ కప్పులు తీస్తూ చూశాడు,
చూడనట్టే వెళ్లాడు.
ఇంటిపేరు పూర్తిగా రాశాను.
చాలా ఏళ్లయింది, ఒక ఒత్తు తప్పుపోయింది,
కొట్టేసి మళ్లీ రాశాను.

సూపరింటెండెంట్ కళ్లద్దాలు పైకి నెట్టి
“ఇది మన పరిధిలకొస్తదా?” అన్నాడు.
సంతకం దేశానిదే సార్,
గేట్లు మాత్రం మన వార్డువి, అన్నాను.
ఆయన ఫ్యాన్ వైపు చూశాడు.
కరెంటు ఇంకా రాలేదు.

ఇఖ్లాస్ రసీదు అడిగింది.
ఇచ్చాను. ‘తీసుకున్న చర్య’ దగ్గర
ఖాళీ. ఏడు రోజుల గడువు.

సాయంత్రం నీలం గేటు మీద
బోర్డు గాలికి కొట్టుకుంటోంది.
పై పోర్షన్లో బల్బు పోయిందంది మా ఆవిడ.
స్టూలెక్కి కొత్తది బిగించాను.
జేబులో రసీదు నకలు,
దాని అడుగున ఆ పిల్ల నంబరు.

రెండుసార్లు నొక్కి
చివరి అంకె దగ్గర ఆగాను.
మా ఆవిడ కింద నుంచి అడుగుతోంది,
వెలిగిందా?