మాత్రమే

బుధవారం బ్యాంకు షట్టరు దించి
కంటోన్మెంట్ నుంచి సైకిలు మీద వస్తాను
కాలేజీ వెనక రేకుల షెడ్డుకి.
చేతులకి పూసుకునే తెల్లపొడి
తలుపు గడియ మీద కూడా ఉంటుంది.

ఎనిమిది మంది.
ఇనుము పట్టి పట్టి అరచేతుల్లో
చింతగింజలంత కాయలు.
బల్ల లేదు. ఇరవై కిలోల ప్లేట్లు దొంతర పేర్చి
పైన అట్టముక్క పరిచి
డబ్బు తీసుకునే ఫారాలు పంచుతాను.

పతివాడ గౌరీశ్వరి,
తొంభై రెండు కిలోలు తలపైకెత్తి
రెప్ప వెయ్యకుండా నిలబడ్డ పిల్ల,
పెన్ను పట్టుకుంటే వేళ్ళు వణికాయి.
"తప్పయిపోతే ఏటి సార్?"
తప్పయితే ఇంకో కాయితం.
పోటీలో మూడే ఛాన్సులమ్మా,
ఇక్కడ కట్ట మొత్తం నీదే.

అంకెలు వేసింది. అక్షరాల్లో రాయమన్నాను.
రెండువేల రూపాయలు మాత్రమే.
రాసి, ఆగి, అడిగింది:
"ఈ మాత్రమే ఎందుకండి?
మా యమ్మ జూటు మిల్లులో
ఆరు షిఫ్టులు చేస్తేనే గాని రావు."
ఇరవై ఆరేళ్ళ సర్వీసులో
కౌంటరు అవతల నుంచి ఎవరూ అడగలేదు.
ఎవరూ పక్కన ఇంకో అంకె వెయ్యకుండా, అన్నాను.
నిజమే చెప్పాను.
అయినా జవాబు చెప్పినట్టు లేదు.

లెంక యర్రినాయుడు గోడకి జారబడి అన్నాడు:
"ఇయ్యన్నీ మాకెందుకు సార్?
మెడలొస్తే రైల్వేవోళ్ళే పిలుస్తారు కదేటి!"
నేను చొక్కా పై గుండీలు విప్పాను.
కుడి భుజం మీద
జెర్రి పాకినట్టు కుట్లు.

ఆ ఏడాదే విశాఖలో ఇంటర్వ్యూ.
కట్టు ఇంకా విప్పలేదు.
నీ గురించి చెప్పవయ్యా అన్నారు.
స్నాచ్ నూటపది, జర్క్ నూటముప్ఫై అయిదు.
ఇంకా? అన్నారు.
పైన ఫ్యాను తిరిగింది.
ఎదర గ్లాసులో నీళ్ళున్నాయి.
నా 'ఇంకా' ఎక్కడుందో
నాకు తెలీదు.

అందుకని ప్రతి వారం చివర్న
ఒకటే ఆట పెడతాను:
కిలోలు చెప్పకుండా నీ గురించి చెప్పు.

మొదట్లో నవ్వులు, మోచేతి పోట్లు.
తర్వాత యర్రినాయుడు
మెస్సులో చింతకాయతో చేపల పులుసు
తనే పెడతానన్నాడు, ఉప్పు చూడకుండా.
గౌరీశ్వరి: "తమ్ముడికి లెక్కలు చెప్తాను.
కోపమొస్తే గిన్నెలు తోముతాను.
సీకటంటే బయ్యం."

బోను కామేశు మూడు బుధవారాలు
బూటు లేసు విప్పుతూ కట్టుతూ ఊరుకున్నాడు.
నాలుగోసారి
నేల చూస్తూ అన్నాడు:
"ఈ ఆట నాకిష్టం నేదు సార్.
మా అయ్యకిష్టం."

ఎవరో ఆనించిన ప్లేటు
దొర్లుకుంటూ పోయి గోడకి తగిలింది.
నా సంచిలో చాలా ఫారాలున్నాయి,
ఈ మాట రాసుకునే గడి
దేన్లోనూ లేదు.
మొయ్యలేనప్పుడు బార్ వదిలేసి
వెనక్కి జరగడం
మొదటి రోజే నేర్పుతారు మాకు.
కాకపోతే కామేశు కింద పడేసింది
ఏడేళ్ళ బరువు. వాళ్ళ నాన్నది కూడా.
టీ తాగుదాం రండర్రా అన్నాను.
అంతకన్నా ఏమీ తోచలేదు.

మరుసటి వారం వాడు బార్ ముట్టలేదు.
పాఠానికి మాత్రం వచ్చాడు,
జేబులో కొత్త పెన్ను.
ఇంటికాడ చెప్పాడో లేదో
నేను అడగలేదు.

నిన్న మధ్యాహ్నం రద్దీలో
టోకెన్ నలభై ఒకటి.
అద్దం కింద నుంచి జారిన కాయితం మూల
తెల్లపొడి బొటనవేలి ముద్ర.
అంకెలు సరే. తేదీ సరే.
రెండువేల రూపాయలు, ఆ పక్కన
మాత్రమే మీద అడ్డగీత.

తలెత్తి చూశాను.
జడ ముందుకేసుకుని
రెప్ప వెయ్యకుండా నిలబడి ఉంది.

కొట్టివేత ఉంటే
పక్కన సంతకం పెట్టాలమ్మా, అన్నాను.

పెట్టింది.
ఇంటిపేరుతో సహా.