ఘనపుటడుగులు

కొచ్చి విమానం నాలుగు గంటలు ఆలస్యమన్నారు.
బెంగళూరు ఎయిర్‌పోర్టు బయట, టాక్సీల వరసలో
మునెల్లప్ప దొరికాడు. చింతామణి వాడు.
తెలుగే మాట్లాడతాడు,
చింతపండులో పిక్కల్లా మధ్య మధ్య కన్నడం తగిలే తెలుగు.
"నల్లూరు తోపుకా సార్? ఆడ ఏముండాది,
హుణసె మాన్లు తప్ప?"
అవే చూడాలన్నాను.

ముప్పై నాలుగేళ్ళు రాజమండ్రి కోతమిల్లులో
లెక్కలు రాసినవాణ్ణి.
చుట్టుకొలతలో నాలుగో వంతు తీసి,
దాన్ని దానితోనే హెచ్చించి, పొడవుతో మళ్ళీ హెచ్చిస్తే
ఏ మాను ఎన్ని ఘనపుటడుగులో తేలిపోతుంది.
పెదవి కదపకుండా చెప్పేవాణ్ణి.
అడవిని నేనెప్పుడూ నిలువుగా చూడలేదు.
లారీ మీద పడుకునే వచ్చేది,
గొలుసులు కట్టించుకుని, మొదట్లో నంబరు వేయించుకుని.
చింత వస్తే మాత్రం కోతవాళ్ళు తిట్టుకునేవారు,
రంపం పళ్ళు పోతాయని.

రిటైరయ్యాక ఇదొక పిచ్చి పట్టుకుంది.
ఏ ఊరెళ్ళినా అక్కడ అన్నిటికన్నా ముసలి చెట్టు
ఎక్కడుందని అడుగుతాను.
ముందు గుడి చూపిస్తారు, తర్వాత మాల్ చూపిస్తారు,
చివరికి ఎవరో బడి ఎగ్గొట్టిన పిల్లాడు చెట్టు చూపిస్తాడు.
జేబులో గుడ్డ టేపు మాత్రం ఇంకా పోలేదు.

తోపు.
ఎండ చెప్పులు విడిచి లోపలికొచ్చినట్టుంది.
ఒక్క మానూ తిన్నగా లేదు.
ఒకటి, తనను తానే పిండుకున్న తడి దుప్పటి.
ఇంకోటి ఎప్పుడో కూలిపడి,
మోచేతి మీద లేచి, మళ్ళీ చెట్టయింది.
ఆ పక్కదాని పొట్టలో ముసలి మాను చచ్చిపోతే
దాని ఎముకల చుట్టూ కూతురో మనవరాలో
కొత్త బెరడు కప్పుకుని నిలబడింది.
ఎవరి వయసు ఎవరిదో!
"రాజుల కాలంవి అంటారు సార్.
ఏ రాజని అడగొద్దండి,
ఒకొక్కరు ఒకొక్క రాజును చెప్తారు."

పెద్దదాని చుట్టూ టేపు వేశాను. చాల్లేదు.
మునెల్లప్ప భుజం మీది తువ్వాలు తీసి
టేపు కొసకి ముడివేశాడు.
అతనటు, నేనిటు. మాను వెనక కలుసుకోవాలి.
వేళ్ళు దాటుతూ నడిచాను. మనిషి కనబడడు,
గొంతు మాత్రం మాను లోపల్నుంచి వస్తోంది:
"ఇంకా రండి సార్, ఇంకా రండి."

ఇరవై అడుగులూ, ఒక తువ్వాలూ.
తువ్వాలుని నాలుగుతో ఎలా భాగించాలి?

తొర్రలోకి తొంగిచూశాను.
నలుగురు కూర్చుని భోంచేసేంత ఖాళీ,
ఒక గబ్బిలం, ఎవరో దాచిన క్రికెట్ బంతి.
మా పుస్తకంలో ఇలాంటి మొద్దుకి
ఒకే మాట ఉండేది: డొల్ల.
ఎర్ర సిరాతో రాసి, ఎదురుగా సున్నా చుట్టేవాణ్ణి.
ఎన్ని చుట్టానో.
ఒక్కో సున్నాలో ఎవరెవరు కాపురమున్నారో
ఏ రోజూ అడగలేదు.

తల మీంచి ఒక విమానం. దాని వెనకే ఇంకోటి.
ఆకులు ఉలిక్కిపడలేదు.
పొద్దు వాలుతోంది కదా,
రెండేసి రెండేసి ముడుచుకుని నిద్ర సర్దుకుంటున్నాయి.
చింత చచ్చినా పులుపు చావదంటారు.
ఈ చింతకి అసలు చావడమే
సరిగ్గా చేతకాలేదు.

మునెల్లప్ప అందిన కొమ్మ వంచి
గుప్పెడు చిగురు నా చేతిలో పోశాడు.
ఏ రాజుదో తెలియని మానుకి
ఈ పొద్దున పుట్టిన ఆకు.
నాలుక జివ్వుమంది, చెవుల దాకా.

"ఎంతొచ్చింది సార్ లెక్క?"
టేపు చుట్టబోయాను. తువ్వాలు ముడి ఊడదు.
పళ్ళతో పీకుతూ అతనే అన్నాడు,
"సుమ్నే చూసేదానికి వచ్చినామనుకోండి."

కారెక్కాక ఫోను మోగింది. ఇంకో గంట ఆలస్యమట.
"ఇంకో తోపు ఏడైనా ఉండాదా?" అన్నాను,
అతని తెలుగులో.