మొదటి వరుస, మొదటి చోటు

పాత శ్మశానంలో ఇంక పదకొండు చోట్లే ఉన్నాయని
గుమస్తాగా నేనే చదివి వినిపించాను,
నవంబరు మొదటి మంగళవారం, కౌన్సిల్ హాల్లో.
బయట మంచు. లోపల కాఫీ యంత్రం గురక.
ఎజెండాలో అది ఆరో అంశం,
మురుగునీటి పంపు రిపేరు తర్వాత,
స్కేటింగ్ రింకు దీపాలకు ముందు.

మా డోర్వెల్ జనాభా ఎనిమిది వందల పన్నెండు.
ఏడాదికి తొమ్మిది చావులు, సగటున.
నలభై ఏళ్లకు మూడు వందల అరవై.
బోర్డు మీద గుణించి సుద్దముక్క కింద పెట్టాక
ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.
ఆ గదిలో ఉన్న వాళ్లమంతా
ఆ మొత్తంలో ఎక్కడో ఒకచోట ఉన్నాం.

"ఓ పదేళ్లు ఆగొచ్చుగా" అన్నాడు ఒరెస్ట్ కూజిక్,
పన్ను పెంపు మాటెత్తితే చాలు లేచి నిలబడే మనిషి.
"పదకొండు చోట్లు, ఏడాదికి తొమ్మిది" అన్నాను.
మోకాలు పట్టుకుని
మెల్లగా కూర్చున్నాడు.

మంచు కరిగాక డెల్బర్ట్ ఫ్రీసెన్
కనోలా చేని మూల ఎనిమిదెకరాలు అమ్మాడు.
సర్వేయరు ఆరు చోట్ల బోరు దింపితే
రెండింట్లో ఆరడుగులకే నీళ్లు.
ఆ పక్క కార్లు ఆపుకోడానికి వదిలేశాం.
"చచ్చాకైనా కాళ్లు తడవకూడదు కదా"
అని డెల్బర్ట్ ఒక్కడే నవ్వుకున్నాడు.

చోటు వెల తొమ్మిది వందల డాలర్లు.
అందులో పావు వంతు సంరక్షణ నిధికి.
అసలు ముట్టుకోకూడదు, వడ్డీతో గడ్డి కోయించాలి,
ఎప్పటికీ.
'ఎప్పటికీ' అంటే ఎంతో వివరించమంది ఆడిటర్.
'పట్టణం ఉన్నంత కాలం' అని రాశాను.
ఎర్ర సిరాతో కొట్టేసి తిప్పి పంపింది:
'పట్టణం లేకపోయినా.'

ధరల పట్టికలో పసిపిల్లల గడి దగ్గర
లావీనా హ్రిత్సాక్ నోరు విప్పింది.
పన్నెండేళ్ల సభ్యత్వంలో
ఆమె తీర్మానం పెట్టడం అదే మొదలు.
"అక్కడ సున్నా వెయ్యి" అంది.
ఏకగ్రీవం. మినిట్స్‌లో ఒకే వాక్యం.
ఎందుకు అడిగిందో అందులో లేదు,
మేమూ అడగలేదు.

గేటు పెట్టాం. కంచె కట్టాం.
ఒక్కరూ కొనలేదు.
"ఆ బయల్లో, ఆ గాలిలో, ఒంటరిగా ఎవరుంటారు?"
పాతదాంట్లో మిగిలిన వాటి కోసం
అన్నదమ్ములు మాటలు మానేశారు.
అవీ నిండిపోయాక శవాల్ని పక్క ఊరికి తీసుకెళ్లారు.
కొత్తదాంట్లో వేసవంతా గడ్డి కోయించాం,
ఏమీ లేని దాని చుట్టూ.
నిధి ఖాతాలో సున్నా.
ఈ సున్నాకి ఎవరూ చెయ్యెత్తలేదు.

ఫిబ్రవరిలో, ధాన్యం గోదాము వెనక, పట్టాల పక్కన
ఒక మనిషి దొరికాడు.
జేబులో చిరిగిన బస్సు టికెట్టు,
చేతులకు రెండు రంగుల తొడుగులు.
పోలీసులు ఆరు వారాలు వెతికారు, నా అన్నవాళ్లు తేలలేదు.
ఎవరూ లేనివాడు మునిసిపాలిటీ వాడు, చట్టప్రకారం.

నేల ఇనుములా ఉంది.
రేకు కింద బొగ్గు రాజేసి, రెండు రాత్రులు
డెల్బర్ట్ ఆ ఆరడుగులనీ మెత్తబరిచాడు.
రెండో రాత్రి ఫ్లాస్కుతో ఒరెస్ట్ వచ్చాడు.
ఎవరూ రమ్మనలేదు.

కాటిసుంకం మాకు మేమే కట్టుకున్నాం:
కుడిజేబులోంచి ఎడమజేబులోకి తొమ్మిది వందలు.
రెండు పద్దులూ నా చేత్తోనే రాశాను.
నిధికి రెండు వందల పాతిక.
పేరు గడిలో ఒక గీత.
అలా మొదలైంది మా 'ఎప్పటికీ'.

ఏప్రిల్లో చెక్కుబుక్కుతో ఒరెస్ట్ వచ్చి
మొదటి వరుస, రెండో చోటు కావాలన్నాడు.
"పక్కన మనిషున్నాడుగా ఇప్పుడు."
తగ్గింపు అడిగాడు. ఇవ్వలేదు.

ఆ మొదటి పద్దు మీద తొలి ఏడాది వడ్డీ
ఆరు డాలర్ల డెబ్బై అయిదు సెంట్లు.
అరగంట కోతకు కూడా చాలదు.
కుర్రాడు మిషను ఆపకుండా
ఆ చివరిదాకా కోసుకుంటూ పోయాడు.