పదహారో పేరు

తెల్లారి ఆరింటికి బస్సు.
లిస్టింకా నా చేతిలోనే ఉండాది.
మెసానికల్ గ్రౌండ్ మెట్ల మీద
సెల్‌ఫోన్ లైటేసుకోని కూర్చోనుండా.
పదహారు జెర్సీలు కుట్టించినాం,
పదిహేను పేర్లు రాసినా.

చిత్తూరులో బేస్‌బాల్ అంటే
"బిళ్ళంగోడుకి ఇంగ్లీషు పేరా సార్?" అని
టీ అంగట్లో గుర్నాథం ఇప్పటికీ నవ్వుతాడు.
నవ్వనీ.
పాలసముద్రం, బంగారుపాళ్యం, ఐరాల,
పొద్దున్నే పాలక్యాన్లు మోసొచ్చే చేతులు
ఏ బడిలో ఎట్ల విసరతాయో
పద్నాలుగేండ్లుగా నోటుబుక్కులో రాసుకున్నోణ్ణి నేను.

మాపిటేల సెక్రటరీ అన్నాడు:
"చెంగల్రాయులు సార్, మీ నారుమడి రాష్ట్రంలోనే ఫస్టు.
కప్పు మాత్రం ఏటా కడపోళ్ళు ఎత్తకపోతారు."
మెప్పో, వెటకారమో తెలీలా.
నాకు మా నాయన గుర్తొచ్చినాడు,
పక్కోళ్ళకు కట్టలు కట్టలు నారమ్మి
మా కయ్యలో ఆలస్యంగా నాటి,
ముదురు నారు పిలక పెట్టలేదని
వానని తిట్టిన మనిషి.

మొగిలీశ్వర్‌ని బెంగుళూరు క్లబ్బుకిచ్చినాం,
ఆరు జతల షూసుకి.
రెడ్డెప్పని పైటీముకు ఎక్కించకుండా రెండేండ్లు ఆపినాం,
ఇంకా పచ్చికాయేనని.
వాడిప్పుడు గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి బుట్టలు దించతా ఉండాడు.
లారీ మీద నుంచి ఒక్కో కాయా
సరిగ్గా పడాల్సిన చోటే పడతాదంట.
ఆ విసురుడు నాకు తెలుసు.

ఇంక ఢిల్లీబాబు.
మా పిచ్చర్. ఎడంచెయ్యి.
మొన్న మూడు మ్యాచులూ వాడే వేసినాడు.
ఎవురు వెయ్యమన్నారు? నేనే.
రాత్రి హాస్టల్లో నీళ్ళ చెంబు ఎత్తబోయి
సగంలో కుడిచేతికి మార్చుకున్నాడు.
"నొప్పేం లేద్సార్" అన్నాడు,
చెంబుని చూస్తా.
వాడు లేకపోతే ఓడతాం.
వాడుంటే ఈ ఏడు గెలుస్తామేమో,
వచ్చే ఏటికి ఆ చెయ్యి ఉండదు.

వాడి బదులెవురు? పేజీలు తిప్పినా.
నడముని, ఐరాల.
మొదటేడు: బాల్ బాగా పడతాడు, విసరడం నిదానం.
రెండో ఏడు: నిదానం.
మూడో ఏడు: నిదానమే, మార్పు లేదు.
నాలుగో ఏడు ఊరికే ఒక చుక్క.
నా రాతే. నా పెన్నే.

అప్పుడు తట్టింది.
నడమునిదీ ఎడంచేతి వాటమే.
నలభై మందికి పదకొండు గ్లవ్‌లు మా దగ్గర,
ఎడంచేతోళ్ళది ఒక్కటే.
అది ఢిల్లీబాబుకిచ్చినా.
వీడు కుడిచేతోళ్ళ గ్లవ్ ఎడంచేతికి తొడుక్కోని
బాల్ పట్టి,
గ్లవ్ ఊడబెరికి చంకలో పెట్టి,
బాల్ బయటికి తీసి, మళ్ళా అదే చేత్తో విసిరి,
నాలుగేండ్లు.
నేను పక్కన నిలబడి స్టాప్‌వాచ్ నొక్కినా.

ఐదుంబావుకి హాస్టల్ కాడికి పోయినా.
ఢిల్లీబాబుకి చెప్పినా.
వాడు ఏడవలా. బ్యాగు జిప్పు తెరిచి
గ్లవ్ తీసిచ్చి, మొగం కడుక్కోను పోయినాడు.
కొళాయి శానాసేపు కారతానే ఉండాది.

నడమునిని లేపి గోడకాడ నిలబెట్టి
కుడిచేతికి తొడిగినా.
లోపలింకా ఢిల్లీబాబు చెమట తడి.
బాల్ వేసినా.
పట్టినాడు, టప్పుమని.
పట్టి, అలవాటుగా,
గ్లవ్ ఊడబెరికి చంకలో పెట్టుకున్నాడు.
ఖాళీగా ఉన్న ఎడంచేతిని చూసుకున్నాడు.
నన్ను చూసినాడు.

బస్సు హారన్ కొడతా ఉండాది.
"ఇంగోటి వెయ్యండి సార్" అన్నాడు.