చేతి నిల్వ

తాడిపత్రిలో బండల పాలిషు మిషన్లు ఆగిన ఆదివారం
సిమెంటు అంగడి పైన, మా ఆరోగ్య నిధి గదిలో
మార్చి లెక్క ముగిస్తున్నాను.
మనిషికి ఏడాదికి మూడు వందల అరవై.
తొమ్మిది వందల పన్నెండు మంది.
లాభం తినే నోరు మాలో ఎవరికీ లేదు,
అయినా ప్రతి కుండకూ అడుగుంటుంది.
ఈ నెల గరిటె గీరుకున్న చప్పుడు వినబడింది.

ఇచ్చినవాటికి పద్దులో పేర్లున్నాయి:
లింగమ్మ గర్భసంచి, ఓబులేసు కాలు,
జిలానీ కొడుక్కి పాముకాటు.
ఇవ్వనివాటికి గడి లేదు.
"రెండో స్కానింగు అవసరమా డాక్టరుగారూ?" అని
నేను ఫోనులో అడిగిన మధ్యాహ్నాలు ఏ పేజీలోనూ లేవు.
చాలాసార్లు ఆయన నవ్వి, అక్కర్లేదులే అన్నాడు.
ఒకసారి నవ్వలేదు.

చందా పెంచుదామన్నాను కమిటీలో.
మాబున్నీ ఆకువక్క దవడకు నెట్టి అనింది:
"పెంచితే పోతారప్పా. పోయేది బాగుండేటోళ్లు.
రోగమున్నోడు యాడికీ పోడు."
దానికి ఎదురు లెక్క నా దగ్గర లేదు.
అందుకే ఆక్సిజన్ మిషనుకు
ఆరు నెలల హద్దు గీసినాం.
గీసింది నేనే. స్కేలు పెట్టి.

నిన్న కుళ్లాయప్ప ఇంటికి పోయినాను, ఐదో నెల.
ముప్పై ఏండ్లు రాతిదుమ్ము పీల్చిన ఛాతీ.
మంచం పక్కన మిషను, ఆగి ఉంది.
కరెంటు పోయిందా మామా అంటే
మాటకూ మాటకూ నడుమ ఊపిరి వెతుక్కుంటా చెప్పినాడు:
"నేనే ఆపినా. పగలు... తట్టుకుంటా.
రాత్రికే ఏసుకుంటా.
మీ ఆరు నెలలు... నాకు పన్నెండు వస్తాయి గదా.
అందరి దుడ్లు నాయనా, ఊరికే... తిరగనిస్తే ఎట్ల?"

తలకాడ గోడ మీద బొగ్గుతో
మిగిల్చిన గంటల గీతలు,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
నా లెడ్జరు కంటే శుభ్రంగా ఉన్నాయి.

అద్దె గంటకు కాదు మామా, నెలకు.
తిరిగినా అంతే, ఆగినా అంతే.

కాసేపు మిషను వైపు చూసినాడు.
నవ్వబోతే దగ్గు వచ్చింది.
"ఆ ముక్క ముందే చెప్పకూడదా అబ్బీ."

రూల్సు కాగితం నాలుగు పేజీలు, రాసింది నేను.
హద్దులన్నీ ఉన్నాయి అందులో. అది లేదు.
స్విచ్చు వేసి, గొట్టం ముక్కుకు సరిచేసి వచ్చినాను.

చేతి నిల్వ: పదకొండు వేల నాలుగు వందల అరవై.
రాసి, కింద రెండు గీతలు కొట్టినాను.
గోడ మీది గంటలు ఏ ఖాతాకు వేయాలో తెలీక
పెన్ను మూత ఇంకా పెట్టలేదు.